ఇంటి ఆదాయం 42 వేలు, నెలనెలా హైదరాబాద్ ఆసుపత్రి: కారు కొనొచ్చా?

మిల్లు_గుమాస్తా
ఆదివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. మాది మిర్యాలగూడ. రైస్‌మిల్లులో అకౌంట్స్ చూస్తాను, చేతికి 31,500 వస్తుంది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, 11,000. మొత్తం 42,500. ఇద్దరు పిల్లలు, నాన్న మాతోనే ఉంటారు.

నాన్నకు నడుము ఆపరేషన్ అయింది. నెలకోసారి హైదరాబాద్ తీసుకెళ్లి చూపించాలి. అద్దె కారు మాట్లాడుకుంటున్నాం. అందుకే కారు కొనేద్దామని ఇంట్లో అనుకుంటున్నాం. ఖర్చులు ఇలా ఉన్నాయి:

ఇంటి అద్దె 7,000
కిరాణా, పాలు, కూరగాయలు, గ్యాస్, కరెంటు 13,000
పిల్లల ఫీజులు (సగటున) 5,000
నాన్న మందులు 3,500
చీటీ 5,000
బండి పెట్రోలు, ఫోన్లు 2,500

ఇవి పోను 6,500 మిగులుతుంది. బ్యాంకులో 1,40,000 ఉంది. చీటీ 2 లక్షలది, 40 నెలలు, ఇంకా 14 నెలలు ఉంది, పాడలేదు.

నల్గొండలో షోరూమ్‌కి వెళ్తే వ్యాగన్ఆర్‌కి కొటేషన్ ఇచ్చారు. ఆన్‌రోడ్ 6,78,180. 1.40 డౌన్ కడితే మిగతాది లోను, ఏడేళ్లు, నెలకు 8,660. "సార్, రోజుకు మూడొందలు కూడా పడదు" అన్నాడు సేల్స్ అబ్బాయి. మా ఆవిడకి ధైర్యం చాలడం లేదు, నాకేమో ఆశగా ఉంది. పెద్దలు చెప్పండి.

ఎర్రబస్సు
ఆదివారం, రాత్రి 9:58

కొనకండి. నెలకోసారి పనికి ఏడేళ్ల అప్పా? మీకు రైలుంది కదా, పొద్దున పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగొచ్చు. అక్కణ్ణుంచి క్యాబ్.

మిల్లు_గుమాస్తా
ఆదివారం, రాత్రి 10:05

అన్నా, రైలు మెట్లు ఎక్కడం ఆయన వల్ల కాదు. ఒకసారి ప్రయత్నించాం, ఇద్దరు పట్టుకుని ఎక్కించాల్సి వచ్చింది. డాక్టరు మా నంబరు పిలిచేసరికి తిరుగు బండి వెళ్లిపోతుంది. మళ్లీ రాత్రి దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టలేను.

నర్సాపురం_లేసు
ఆదివారం, రాత్రి 10:21

తమ్ముడూ, నీ లెక్కలో అద్దె కారు డబ్బులు ఎక్కడా కనపడలేదు. అవి ఎందులోంచి ఇస్తున్నావు?

మిల్లు_గుమాస్తా
ఆదివారం, రాత్రి 10:30

అక్కా, అది ఆ మిగిలిన 6,500లోంచే. పోనూ రానూ, వెయిటింగ్, డ్రైవర్ బత్తాతో కలిపి 4,800 అవుతుంది. నిజానికి మిగిలేది 1,700.

నర్సాపురం_లేసు
ఆదివారం, రాత్రి 10:37

అదీ సంగతి. మరి జూన్ నెల ఎలా గడుస్తోంది? ఫీజులు సగటున 5,000 అని రాశావు గానీ స్కూలువాళ్లు సగటున తీసుకోరు. పుస్తకాలు, యూనిఫారాలు, మొదటి టర్మ్ ఫీజు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. మా ఇంట్లో జూన్‌కి విడిగా ఒక డబ్బా. మార్చి నుంచే అందులో వేసుకుంటూ వస్తాను. నీ బ్యాంకులో ఉన్న లక్షా నలభైలో ఆ జూన్ డబ్బు కూడా కలిసి ఉందా?

మిల్లు_గుమాస్తా
ఆదివారం, రాత్రి 10:44

లేదక్కా, అది వేరే. మా ఆవిడ స్కూల్లోనే పిల్లలు చదువుతారు, ఫీజులో కొంత తగ్గింపు ఉంది, నెలనెలా జీతంలోంచి పట్టుకుంటారు. లక్షా నలభై పూర్తిగా మాదే.

పాతకాపు
సోమవారం, ఉదయం 7:15

ముందు ఆ కొటేషన్ కాగితం సంగతి తేల్చుకుందాం. ఎక్స్‌షోరూమ్ ఎంత, ట్యాక్స్ ఎంత, ఇన్సూరెన్స్ ఎంత అన్నది వరసగా రాయండి. "ఆన్‌రోడ్" అన్న ఒక్క మాటలో చాలా దాచేస్తారు.

మిల్లు_గుమాస్తా
సోమవారం, ఉదయం 8:02

కాగితం ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను.

ఎక్స్‌షోరూమ్ 5,52,000
లైఫ్ ట్యాక్స్ 14 శాతం, 77,280
ఇన్సూరెన్స్ 27,500
రిజిస్ట్రేషన్, నంబరు ప్లేట్లు 1,800
ఫాస్టాగ్ 600
ఎసెన్షియల్ కిట్ 12,500
హ్యాండ్లింగ్ 6,500

పాతకాపు
సోమవారం, ఉదయం 8:40

చివరి రెండూ కొట్టేయండి. 19,000 అక్కడే పోయింది. ఆ కిట్‌లో ఉండేవి ఫ్లోర్ మ్యాట్లు, సీటు కవర్లు, మడ్‌ఫ్లాపులు. బయట సగం ధరకు వస్తాయి. హ్యాండ్లింగ్ అంటే బండిని వాళ్ల గోడౌన్ నుంచి వాళ్ల షోరూమ్‌కి తెచ్చుకున్న ఖర్చట. అది మనమెందుకు కట్టాలి? గట్టిగా అడిగితే తీసేస్తారు.

ఇన్సూరెన్స్ కూడా షోరూమ్‌లోనే తీసుకోవాలన్న రూలు లేదు. కొత్త కారుకి థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) మాత్రం ఒకేసారి మూడేళ్లకు కట్టాలి, 2018 సెప్టెంబరు నుంచి అంతే. వెయ్యి సీసీ లోపు ఇంజనుకు ఆ మూడేళ్ల ప్రీమియం 6,521, పైన జీఎస్టీ. మిగతాదంతా ఓన్ డ్యామేజీ (మన బండి నష్టానికి), జీరో డెప్ (అరుగుదల కింద కోసుకోకుండా ఇచ్చేది), ఇంకా వాళ్లు తగిలించిన తోకలు. బయట రెండు కంపెనీల కొటేషన్ పట్టుకెళ్లి ముందు పెట్టండి, తగ్గుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి వచ్చింది. అంతకుముందు సెస్సుతో కలిపి 29 దాకా పడేది. అందుకే ఇప్పుడు అందరి చూపూ కొత్త కార్ల మీదే ఉంది. కానీ ధర తగ్గింది కాబట్టి మీకు అందుబాటులోకి వచ్చిందా అన్నది వేరే ప్రశ్న.

బ్యాంకు_బల్ల
సోమవారం, మధ్యాహ్నం 1:20

నేను లోన్ల సెక్షన్‌లోనే పనిచేస్తాను, వరంగల్. ఏ బ్యాంకో అడగొద్దు.

ఏడేళ్లకు 8,660 అన్నాడంటే 5.38 లక్షలకు 9 శాతం లెక్క. 84 నెలలు కడితే మొత్తం 7.27 లక్షలు. వడ్డీయే 1.89 లక్షలు. అదే ఐదేళ్లకయితే కిస్తు 11,170, మీవల్ల కాదు. ఏడేళ్లలో తీరేది ఐదేళ్లలో తీర్చలేకపోతున్నామంటే అర్థం, ఆ కారు మన స్థాయికి ఒక మెట్టు పైన ఉందని. కిస్తు తగ్గించడానికి ఏళ్లు సాగదీయడం మా దగ్గర రోజూ జరిగే పనే. నాలుగో ఏట బండి అమ్మేద్దామనుకుంటే, వచ్చే ధరలో చాలావరకు బాకీకే పోతుంది.

మీ నెల లెక్క చూద్దాం. కొత్త కారుకు పెట్రోలు, టోలు, ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్ల కోసం పక్కన పెట్టేది కలిపి 5,150 అనుకోండి. కిస్తుతో కలిపి 13,810. అద్దె కారు మానేసినా మీ దగ్గర ఉండేది 6,500. నెలకు 7,300 గుంట. ఇంక ఆ రోజుకు మూడొందల మాట వదిలేయండి.

మా బ్యాంకయితే ఈ జీతాలకు లోను ఇచ్చేస్తుంది కూడా. ఇవ్వడం వేరు, కట్టగలగడం వేరు.

టెక్సాస్_గోంగూర
సోమవారం, రాత్రి 8:50

బ్రో, నా ఓటు కొత్తదానికే. సెకండ్‌హ్యాండ్ అంటే ఎవరి తలనొప్పో మనం కొనుక్కోవడమే. వారంటీ ఉండదు. నాన్నగారితో హైవే మీద ఆగిపోతే? పైగా ఇప్పుడొచ్చే చిన్న కార్లలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు.

ఎర్రబస్సు
సోమవారం, రాత్రి 8:57

ఆ కిస్తు డాలర్లలో మీరు కట్టేట్టయితే నేనూ కొత్తదానికే ఓటేస్తాను.

రెంచి_బాబాయ్
సోమవారం, రాత్రి 9:30

గుంటూరులో షెడ్డు నాది. సెకండ్‌హ్యాండ్ మీద అంత భయం అక్కర్లేదు, కానీ మీరనుకునేంత చవకా కాదు. బండి ధరొక్కటే చూసి దిగితే మునుగుతారు. మీ రూటుకి నా లెక్క రాస్తాను. హైదరాబాద్ పోనూ రానూ దాదాపు 290 కిలోమీటర్లు, ఊళ్లో తిరుగుళ్లు కలిపి నెలకు 500 అనుకుందాం. చిన్న పెట్రోలు బండి, లీటరుకు 18, లీటరు 110 అనుకుంటే:

పెట్రోలు 3,050
టోలు 350
ఇన్సూరెన్స్ (ఏడాదికి 9,000) 750
ఆయిల్ సర్వీసు 650
టైర్లు, బ్యాటరీ కోసం పక్కన పెట్టేది 400
చిల్లర రిపేర్లు 800

మొత్తం 6,000. ఇందులో కిస్తు లేదు. బండి ఊరికే ఇచ్చినా నెలకు ఇంత. మీరు అద్దె కారుకి ఇచ్చేది 4,800. కాబట్టి "అద్దె డబ్బులు మిగుల్తాయి కదా" అని కారు కొంటే మాత్రం ఆ మాట మానేయండి, మిగలవు. రాత్రప్పుడు నాన్నకు నొప్పొస్తే ఎవణ్ణీ బతిమాలక్కర్లేదు, పండక్కి అత్తగారి ఊరు హాయిగా వెళ్లొచ్చు, దానికోసం కొంటున్నామంటే అది న్యాయమైన కారణం.

మిల్లు_గుమాస్తా
సోమవారం, రాత్రి 10:10

బాబాయ్, ఈ లెక్క మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ "నే చెప్పలా" అనలేదు గానీ ఆ చూపే చాలు.

కొత్తది ఆశ వదిలేస్తున్నాను. మరి సెకండ్‌హ్యాండ్‌లో 2.25 లక్షల్లో ఏదైనా చూసుకుంటే? మా పక్క ఊళ్లో ఒకాయన దగ్గర 2015 వ్యాగన్ఆర్ ఉంది, 2.30 చెప్తున్నాడు. ఫైనాన్స్ ఆఫీసువాళ్లు సెకండ్‌హ్యాండ్‌కి కూడా 8 శాతానికే ఇస్తామన్నారు. బ్యాంకుకన్నా తక్కువే కదా?

బ్యాంకు_బల్ల
మంగళవారం, ఉదయం 9:05

ఆగండాగండి. 8 శాతం ఫ్లాటా, రెడ్యూసింగా? అదే ముందు అడగాలి.

2 లక్షలు, మూడేళ్లు, 8 శాతం ఫ్లాట్ అనుకుందాం. ఏడాదికి 16,000 చొప్పున మూడేళ్లకు 48,000 వడ్డీ వేసి, 2,48,000ని 36తో భాగిస్తారు. కిస్తు 6,889. మనం నెలనెలా అసలు తీర్చుకుంటూ వస్తున్నా, వడ్డీ మాత్రం చివరి నెల దాకా పూర్తి రెండు లక్షల మీదే పడుతుందన్నమాట. రెడ్యూసింగ్, అంటే మిగిలిన బాకీ మీదే వడ్డీ వేసే పద్ధతిలో చూస్తే ఇది 14.5 శాతం. 8 శాతం అంటే ముప్పావలా వడ్డీ కూడా కాదనిపిస్తుంది. నిజంగా పడేది రూపాయి ఇరవై పైసలు.

2024 అక్టోబరు నుంచి రిటైల్ లోను ఏది ఇచ్చినా కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇవ్వాలి. రిజర్వ్ బ్యాంకు రూలు అది. అందులో ఏపీఆర్ అని ఉంటుంది, ప్రాసెసింగ్ ఫీజుతో సహా నిజమైన వడ్డీ అదే. సంతకం పెట్టేముందు ఆ కాగితం చూపించమనండి. నసిగితే లేచి వచ్చేయండి.

ఇంకో మాట. మీకు లోనుకన్నా చవకైన డబ్బు మీ చేతిలోనే ఉంది. చీటీ.

మిల్లు_గుమాస్తా
మంగళవారం, ఉదయం 9:40

చీటీ పాడితే నష్టం కదన్నా?

బ్యాంకు_బల్ల
మంగళవారం, మధ్యాహ్నం 1:45

మొదటి నెలల్లో పాడితే నష్టం. మీది 26 నెలలు అయిపోయింది, పాట ఎంతకు పోతోంది?

మిల్లు_గుమాస్తా
మంగళవారం, మధ్యాహ్నం 2:15

పోయిన నెల 20,000 తగ్గించి పాడుకున్నారు. అంటే 1,80,000 చేతికి.

బ్యాంకు_బల్ల
మంగళవారం, మధ్యాహ్నం 2:50

చివరిదాకా ఆగినా మీకు పూర్తి రెండు లక్షలు రావు. కంపెనీ కమీషన్ 5 శాతం పోతుంది, 10,000. చట్టం ఇప్పుడు 7 దాకా ఒప్పుకుంటుంది, మీ కంపెనీ ఎంత పట్టుకుంటుందో అగ్రిమెంటులో చూసుకోండి. 5 అనుకుంటే ఆఖరున 1,90,000. ఇప్పుడు పాడితే 1,80,000. పద్నాలుగు నెలల ముందు డబ్బు చేతికి రావడానికి మీరు ఇచ్చేది 10,000. ఏడాదికి 5 శాతం కూడా పడదు. ఇంత తక్కువకు ఏ బ్యాంకూ ఇవ్వదు, మాదీ ఇవ్వదు.

కాకపోతే రెండు షరతులు. పాడినవాళ్లకి కంపెనీ జామీను అడుగుతుంది, ప్రభుత్వ ఉద్యోగి సంతకమో, ఎఫ్‌డీనో. ఇదంతా రిజిస్టరైన కంపెనీ అయితేనే. వీధి చివర రాసుకునే చీటీ అయితే ఈ లెక్కలేవీ లేవు, ముందు మీ డబ్బు బయటకు తెచ్చుకోండి.

మిల్లు_గుమాస్తా
మంగళవారం, మధ్యాహ్నం 3:10

రిజిస్టర్డ్ కంపెనీయే అన్నా. జామీనుకి మా బావమరిది ఉన్నాడు, ఎలక్ట్రిసిటీ డిపార్ట్‌మెంట్.

సీలేరు_గాలి
మంగళవారం, సాయంత్రం 4:00

బంగారం లోను ఎందుకు ఆలోచించరు? వడ్డీ తక్కువ, గంటలో డబ్బు.

నర్సాపురం_లేసు
మంగళవారం, సాయంత్రం 4:20

ఇంట్లో పెద్దాయన ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నప్పుడు బంగారం తీసుకెళ్లి కారు కోసం కుదవ పెట్టమంటారా? రేపు ఏదైనా అయితే ఏం పెడతారు, కారు తాళాలా? అది ఆ అమ్మాయి ఒంటిమీద ఉన్నదే, ఆమెని అడిగే హక్కు కూడా మనకి లేదు.

రెంచి_బాబాయ్
మంగళవారం, రాత్రి 9:15

ఆ 2015 బండి చూడ్డానికి వెళ్తే ఇలా చూడు. ముందురోజు ఫోన్ చేసి "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు, వెచ్చగా ఉందంటే వాడు వేడి చేసి పెట్టాడన్నమాట. చల్లటి ఇంజను మొదటి స్టార్టులోనే నిజం చెప్తుంది. వెనక ఒకణ్ణి నిలబెట్టి పొగ చూడమను. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది.

తలుపు రబ్బరు బీడింగ్ కొంచెం లాగి చూడు. లోపల కంపెనీ వేసిన స్పాట్ వెల్డ్ గుంటలు వరసగా, గుండ్రంగా ఉంటాయి. అక్కడ నున్నగా పుట్టీ కనపడితే ఆ పక్క గట్టిగా తగిలిందని. ఫెండర్ బోల్టుల తలల మీద పెయింటు చెదిరిందేమో చూడు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. అరగకపోయినా ముసలి టైరు ముసలిదే.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బెజవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు పొంగి ఎన్ని బండ్లు మునిగాయో అందరికీ తెలుసు. అవన్నీ తుక్కుకి పోలేదు. కడిగి, కొత్త సీటు కవర్లేసి, సెంటు కొట్టి తిప్పుతున్నారు. సీటు బెల్టు చివరిదాకా బయటకు లాగు, ఎప్పుడూ బయటకి రాని ఆ చివరి జానెడు మీద బురద గీత కనిపిస్తుంది. డిక్కీలో స్టెప్నీ తీసి కింద చూడు, సీటు రైలింగు తుప్పు చూడు. ఏసీ పెడితే పాత గోనెసంచి వాసన వస్తే దండం పెట్టి వచ్చేయ్.

ఎర్రబస్సు
మంగళవారం, రాత్రి 9:32

బాబాయ్, ఇది మాత్రం ప్రింటు తీసి దాచుకోవాల్సిన పోస్టు.

టెక్సాస్_గోంగూర
మంగళవారం, రాత్రి 9:50

2015 బండిలో ఏబీఎస్ (సడన్ బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగులు ఉంటాయా? ఎవరూ మాట్లాడ్డం లేదు.

రెంచి_బాబాయ్
మంగళవారం, రాత్రి 10:05

ఆ ఏడాది వ్యాగన్ఆర్‌లలో ఎక్కువ వాటికి ఉండవు. అడిగినవాళ్లకి ఆప్షన్‌గా ఇచ్చేవారు, అడిగినవాళ్లు తక్కువ. 2019 ఏప్రిల్ నుంచి తయారైనవాటికి ఏబీఎస్, ఆ ఏడాది జులై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. ముందు పక్క సీటుకి కూడా అన్ని కార్లలో ఉండాలన్నది 2022 నుంచి. ఇందులో అమెరికా తమ్ముడు చెప్పింది కరెక్టే. నార్కెట్‌పల్లి దాటాక ఆ విజయవాడ హైవే మీద లారీల మధ్య నడపాలి, సరదా కాదు.

మిల్లు_గుమాస్తా
మంగళవారం, రాత్రి 10:20

2019 తర్వాతవి మూడున్నర దాకా చెప్తున్నారు బాబాయ్. నా దగ్గర ఆసుపత్రికి లక్ష పక్కన పెడితే, చీటీ పాడినా 2.20 మాత్రమే.

పాతకాపు
బుధవారం, ఉదయం 7:30

ఇప్పటిదాకా వచ్చినవి కలిపి చూస్తే గుమాస్తా గారి ముందు రెండు దారులున్నాయి.

ఇప్పుడే చీటీ పాడి 2015 బండి నగదుకు కొనడం ఒకటి. కిస్తు ఉండదు. అద్దె కారు ఆగుతుంది. 6,500లో బండి ఖర్చు 6,000 పోతే నెలకు 500 మిగులు, చీటీ అయిపోయేదాకా 14 నెలలు ఇంతే. ఆ 14 నెలల్లో క్లచ్ ప్లేట్లు పోతే ఆ లక్షలోంచే తీయాలి.

చీటీ ఆఖరుదాకా ఆగడం రెండోది. 1.90 వస్తుంది. బ్యాంకులోంచి 40 వేలు కలిపితే 2.30. 1.20 లక్షలు లోను తీసుకుంటే 3.50, అంటే 2019 తర్వాతి బండి. ఆ లోను 12 శాతం రెడ్యూసింగ్‌లో మూడేళ్లకు 3,986 కిస్తు. అప్పటికి చీటీకి కట్టే 5,000 ఆగిపోతుంది కాబట్టి చేతిలో 11,500. అందులో బండికి 6,000, కిస్తుకి 4,000 పోయినా 1,500 మిగులు. పద్నాలుగు నెలల్లో జీతం పెరిగితే అది అదనం.

నేనైతే రెండో దారి పడతాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి.

నర్సాపురం_లేసు
బుధవారం, ఉదయం 10:10

నాదీ అదే మాట. అయితే ఈ పద్నాలుగు నెలలూ ఒక పని చెయ్యి తమ్ముడూ. ఇప్పుడు అద్దెకొచ్చే కారాయనతో ఏడాదికి మాట్లాడుకో. ప్రతి నెలా ఫలానా వారం ఖాయంగా వస్తామంటే ఆయనకీ గిరాకీ గ్యారంటీ, కొంత తగ్గిస్తాడు. రాత్రివేళ అవసరమైతే ఫోన్ ఎత్తుతాడు. మా ఊళ్లో మేం అలాగే చేసుకున్నాం.

ఇంకోటి, కారు కొన్నాక చుట్టాల సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకోండి. పెళ్లి పిలుపులకు ఊరంతా తిప్పమని అడుగుతారు. పెట్రోలు ఎవరూ పోయించరు. బాబాయ్ రాసిన 500 కిలోమీటర్లు అప్పుడు 900 అవుతాయి.

ఎర్రబస్సు
బుధవారం, ఉదయం 10:18

చుట్టాలు ఖర్చులో రాయని ఐటమ్ :)

సీలేరు_గాలి
బుధవారం, ఉదయం 11:00

ఢిల్లీ బండ్లు చూడొచ్చు కదా, లక్ష తక్కువకే వస్తున్నాయి. లేదా గుంటూరు వైపు. వాడపల్లి వంతెన దాటితే ఆంధ్రాయే.

పాతకాపు
బుధవారం, ఉదయం 11:25

ఏ రాష్ట్రం బండి తెచ్చినా అక్కడి ఆర్‌టీఓ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) కావాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఆ ఖర్చు, తిరుగుడు కలిపితే తేడా చాలావరకు కరిగిపోతుంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను నడపనివ్వరన్న గొడవ ఉండబట్టే అంత చవక. నెలకు 500 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి డీజిల్ ఎందుకూ దండగే. గుమాస్తా గారూ, మీరు తెలంగాణ బండే చూసుకోండి.

మిల్లు_గుమాస్తా
బుధవారం, రాత్రి 9:00

సీఎన్‌జీ సంగతేంటి? మిల్లులో ఒకాయన అదే తీసుకోమంటున్నాడు.

రెంచి_బాబాయ్
బుధవారం, రాత్రి 9:20

నెలకు 500 కిలోమీటర్లకి వద్దు. బండి ధర ఎక్కువ, డిక్కీ మొత్తం సిలిండరే. నాన్నగారి వీల్‌చైర్ ఎక్కడ పెడతావు? మూడేళ్లకోసారి సిలిండరు టెస్టు కూడా చేయించాలి. రోజుకు యాభై అరవై కిలోమీటర్లు తిరిగేవాడికి అది లాభం.

మిల్లు_గుమాస్తా
గురువారం, రాత్రి 8:45

ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. నాన్న కూడా ఉన్నారు. "నా కోసం అప్పు చేయకండ్రా" అని మొదలుపెట్టారు, ఇది ఆయన ఒక్కరి కోసమే కాదని లెక్క చూపిస్తే ఊరుకున్నారు. చీటీ అయ్యేదాకా ఆగుదామనుకున్నాం. అద్దె కారాయన్ని ఇవాళ కలిశాను, ప్రతి నెలా రెండో మంగళవారం ఖాయం చేస్తే 4,300కి వస్తానన్నాడు. ఆ మిగిలే 500 కారు పేరుతో వేరే ఆర్‌డీలో వేస్తానని మా ఆవిడ అంది.

ఒక్క డౌటు. అప్పుడు కొన్నాక పేరు మార్పు, ఇన్సూరెన్స్ అవన్నీ ఎలా? ఇప్పుడే రాసిపెట్టుకుంటాను.

పాతకాపు
గురువారం, రాత్రి 9:10

29, 30 ఫారాలు, అమ్మినవాళ్ల సంతకాలతో. ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల ఎన్‌ఓసీ, లోను తీరిందన్న 35వ ఫారం లేకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. చలాన్లు ఉన్నాయేమో ఆన్‌లైన్‌లో చూసి అమ్మేవాడితోనే కట్టించండి. కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్‌టీఏకి తెలపాలి. ఇన్సూరెన్స్ అయితే 14 రోజుల్లోనే మీ పేరుకి మార్పించుకోవాలి. అమ్మినవాడి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. కాబట్టి ప్రీమియం తేడా మీరు కట్టాల్సి వస్తుంది, అది బేరంలోనే తగ్గించుకోండి. పాత ఫాస్టాగ్ ఆయన చేత క్లోజ్ చేయించి మీరు కొత్తది తీసుకోండి.

టోలుకి ఏడాది పాస్ తీసుకోమని ఎవరైనా అంటే వినకండి. 200 సార్లు దాటేవాళ్లకి అది. నెలకోసారి వెళ్లేవాళ్లకి గిట్టుబాటు కాదు, పైగా జాతీయ రహదారుల మీదే చెల్లుతుంది.

కొత్తచక్రం
శుక్రవారం, ఉదయం 6:50

సార్ నాకూ ఇలాంటిదే. జీతం 28 వేలు. మా మామగారు 2012 ఇండికా డీజిల్ ఊరికే ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

పాతకాపు
శుక్రవారం, ఉదయం 7:20

కొత్త చర్చ తెరిచి వివరాలు రాయండి, అందరం అక్కడికి వస్తాం. ఈలోగా ఆర్‌సీ తీసి చూడండి, 2012 బండికి పదిహేనేళ్లు 2027తో అయిపోతాయి. ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. మామగారు ఇప్పుడే ఎందుకు ఇస్తున్నారో కూడా మెల్లగా కనుక్కోండి.